పదివేల ప్రోటాన్లలో ఒక్క పాజిట్రాన్: పమేలా కథ

(ఫిజిక్స్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం పాఠం)

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక్క పరికరం గురించే. దాని పేరు పమేలా. అంతరిక్షంలోంచి వచ్చే కణాల్లో యాంటీమేటర్ని, అంటే మామూలు కణాలకి ఆవేశం తిరగబడ్డ జోడీ కణాలని, ఏరి లెక్కపెట్టే పరికరం. ఇటలీ, రష్యా, జర్మనీ, స్వీడన్ వాళ్లు కలిసి చేసింది. బరువు 470 కిలోలు, ఎత్తు 1.3 మీటర్లు, అంటే మన భుజం దాకా వస్తుంది. 2006 జూన్ 15న కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి సోయుజ్ రాకెట్‌లో పైకి వెళ్లింది. దానికంటూ సొంత ఉపగ్రహం కూడా లేదు. రెసుర్స్-డీకే1 అని రష్యా వాళ్ల ఉపగ్రహం భూమి ఫొటోలు తీసే పని మీద వెళ్తుంటే, దాని పక్కన గాలి పోకుండా మూసిన ఒక డబ్బాలో దీన్ని పెట్టి పంపారు. మూడేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు, 2016 జనవరి దాకా పనిచేసింది.

2009లో ఈ పేరు ప్రపంచమంతా మోగిపోయింది, డార్క్ మేటర్, అంటే కంటికి కనపడకుండా గురుత్వాకర్షణ వల్లే తెలిసే పదార్థం, దాని జాడ దొరికిందేమోనని. అలాంటి వార్తల్లో జాడ దొరికిందని చెప్తారు, ఆ జాడ ఎలా పట్టారో మాత్రం చెప్పరు. నాకు ఆ ఎలా అన్నదే అసలు విషయం. ఒక కణం ఎక్కడినుంచో వచ్చి పరికరంలోంచి దూసుకుపోయింది. మొత్తం కొన్ని నానో సెకన్ల వ్యవహారం, మళ్లీ అది తిరిగి రాదు, ఇంకోసారి కొలుద్దామంటే కుదరదు. అది ప్రోటానా, పాజిట్రానా, అంటే ధనావేశమున్న ఎలక్ట్రానా? పాజిట్రానే అని సంతకం పెట్టాలంటే ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? నేను చెప్పాలని వచ్చింది అదే, డార్క్ మేటర్ సంగతి దాని తర్వాతే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్ ఎక్కి అయిదు వేల మీటర్లు దాటి పైకి వెళ్లాడు. పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతూ ఉంది. అంటే అది నేలలోంచి వచ్చేది కాదు, పైనుంచి వస్తోంది. అవే విశ్వకిరణాలు. ఇప్పుడు మనకు లెక్క తెలుసు: నూటికి తొంభై దాకా ప్రోటాన్లు, తొమ్మిది దాకా హీలియం కేంద్రకాలు, మిగిలిన కాస్తలో బరువైన కేంద్రకాలు, ఎలక్ట్రాన్లు. వీటన్నిటి మధ్య ఎక్కడో చాలా కొద్దిగా పాజిట్రాన్లు, అంతకన్నా తక్కువగా యాంటీప్రోటాన్లు, అంటే రుణావేశమున్న ప్రోటాన్లు.

పాజిట్రాన్ని మనిషి మొదటిసారి చూసింది కూడా విశ్వకిరణాల్లోనే. 1932లో కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్, కణాలు పోయిన దారిని ఆవిరి గీతలుగా చూపే క్లౌడ్ చాంబర్‌ని అయస్కాంతంలో పెట్టి ఫొటోలు తీస్తున్నాడు. ఒక ఫొటోలో ఒక గీత వంగి ఉంది. ఆ వంపుకి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు, పైనుంచి కిందికి వచ్చిన ఎలక్ట్రాన్ అనుకోవచ్చు, లేదా కిందినుంచి పైకి పోయిన ధనావేశ కణం అనుకోవచ్చు. రెండూ ఒకే వైపుకి వంగుతాయి. అయితే ఆయన చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక అడ్డం పెట్టి ఉంచాడు. పలకని దాటిన కణం శక్తి కోల్పోతుంది, శక్తి తగ్గితే వంపు పెరుగుతుంది. ఆ ఫొటోలో వంపు ఎక్కువగా ఉన్నది పలక పైభాగంలో. కాబట్టి కణం కిందినుంచి పైకి పోయింది, ఆవేశం ధనమే. ప్రోటాన్ అనుకుందామంటే అంత తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్ అంత పొడవు గీత గీయలేదు. ఒక్క సీసపు పలక అంత పెద్ద ప్రశ్నని తేల్చేసింది. పమేలాలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడ వేరే ఉపాయం వాడారు, చెప్తాను.

ఈ పాజిట్రాన్లు అంతరిక్షంలో ఎలా పుడతాయి? అందరూ ఒప్పుకునే దారి ఒకటుంది. సూపర్‌నోవా పేలుళ్ల దగ్గర వేగం పుంజుకున్న ప్రోటాన్లు మన గెలాక్సీలో కొన్ని మిలియన్ల ఏళ్లు తిరుగుతాయి, తిరుగుతూ నక్షత్రాల మధ్య ఉండే పలచని హైడ్రోజన్‌ని ఎప్పుడో ఒకసారి గుద్దుకుంటాయి. ఆ గుద్దుడులో పయాన్లనే క్షణికమైన కణాలు పుడతాయి, పయాన్లు మ్యూయాన్లవుతాయి, ధనావేశ మ్యూయాన్లు పాజిట్రాన్లవుతాయి. శక్తి సరిపోయినప్పుడు యాంటీప్రోటాన్లు కూడా పుడతాయి. వీటికి సెకండరీలని పేరు. అంటే యాంటీమేటర్ కనపడగానే ఎక్కడో యాంటీ గెలాక్సీ ఉందనుకోనక్కర్లేదు, మామూలు పదార్థం మామూలు పదార్థాన్ని గుద్దినా అది పుడుతుంది. ఎంత పుట్టాలో లెక్క కట్టొచ్చు. శక్తి ఎక్కువున్న కణాలు గెలాక్సీలోంచి తొందరగా బయటికి జారిపోతాయి, అవి దాటే పదార్థం తక్కువ. అందుకని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు కలిపి చూసినప్పుడు అందులో పాజిట్రాన్ల వాటా శక్తి పెరిగేకొద్దీ తగ్గాలి. ఇదీ అంచనా. ఈ అంచనాని గట్టిగా పట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరి బెలూన్లతో కొలవచ్చు కదా, ఉపగ్రహం ఎందుకు? కొలిచారు. 1979లో రాబర్ట్ గోల్డెన్ బృందం అమెరికాలో బెలూన్‌తోనే విశ్వకిరణాల్లో యాంటీప్రోటాన్లను చూసింది. పమేలా చేసిన వాళ్లలో చాలామంది ఆ బెలూన్ల పాఠశాలలోనే పెరిగారు. కానీ బెలూన్‌తో ఒక చిక్కు ఉంది. నలభై కిలోమీటర్ల ఎత్తుకి పోయినా దాని నెత్తి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకి మూడు నాలుగు గ్రాముల గాలి మిగిలే ఉంటుంది. గెలాక్సీలో మిలియన్ల ఏళ్లు తిరిగిన కణం మొత్తం దాటే పదార్థం ఎంత? అదీ చదరపు సెంటీమీటరుకి కొన్ని గ్రాములే! నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే. ఇన్ని వేల కాంతి సంవత్సరాల తిరుగుడులో తగిలిన పదార్థమూ, బెలూన్ మీద మిగిలిన ఆ కాస్త గాలీ దాదాపు ఒకే కోవలో ఉన్నాయి. అంటే బెలూన్‌లో దొరికిన పాజిట్రాన్లలో పెద్ద భాగం అప్పుడే నెత్తి మీద గాలిలో పుట్టినవి. వాటిని లెక్కకట్టి తీసేయాలి, తీసేసే లెక్కలో తేడా వస్తే జవాబే మారిపోతుంది. పైగా బెలూన్ కొన్ని గంటలో, కొన్ని రోజులో ఎగురుతుంది, ఉపగ్రహం ఏళ్లు తిరుగుతుంది.

ఇంకోటి, మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, అక్కణ్నుంచి విశ్వకిరణాల కోసం ఎన్నో బెలూన్లు వెళ్లాయి. మనం భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం, అందువల్ల ఇక్కడ భూమి అయస్కాంతం గట్టి గోడలా పనిచేస్తుంది. సుమారు 17 గిగావోల్టుల రిజిడిటీ కన్నా తక్కువున్న కణాలు నిట్టనిలువుగా మన దాకా రాలేవు. రిజిడిటీ అంటే కణం ఊపుని (మొమెంటం) ఆవేశంతో భాగించిన విలువ, అయస్కాంతంలో ఎంత వంగుతుందో చెప్పేది అదే. కొన్ని ప్రయోగాలకి ఈ గోడ మేలు చేస్తుంది, చిల్లర కణాలన్నీ ముందే వడకట్టి ఇస్తుంది. కానీ తక్కువ శక్తి కణాలు కావాలంటే ధ్రువాల వైపు పోవాలి. పమేలా కక్ష్య మధ్యరేఖకి 70 డిగ్రీల వాలులో ఉండేది, ఎత్తు 350 నుంచి 600 కిలోమీటర్ల మధ్య. ఒక్కో చుట్టులో ధ్రువాల దగ్గరికీ మధ్యరేఖ మీదికీ రెండు చోట్లకీ పోయేది. అదొక వరం.

ఇప్పుడు పరికరం లోపలికి వెళ్దాం. పైనుంచి కిందికి ఒక కణంతో పాటు దిగుదాం.

ముందుగా తగిలేవి సింటిలేటర్ పలకలు. కణం తగలగానే మెరుస్తాయి. పైన ఒక జట్టు, మధ్యలో ఒకటి, అయస్కాంతం కింద ఒకటి, మొదటిదానికీ చివరిదానికీ మధ్య దూరం 77 సెంటీమీటర్లు. కాంతివేగంతో పోయే కణానికి ఈ దూరం రెండున్నర నానో సెకన్ల పని. పలకలు పావు నానో సెకను తేడాని పట్టగలవు. ఏ పలక ముందు మెరిసిందో చూస్తే చాలు, కణం పైనుంచి వచ్చిందా కిందినుంచి వచ్చిందా తెలిసిపోతుంది. ఆండర్సన్ సీసపు పలకతో చేసిన పని ఇక్కడ గడియారం చేస్తోంది. ఇది లేకపోతే భూమి వాతావరణం నుంచి పైకి ఎగిసిన ఎలక్ట్రాన్ ప్రతిదీ మనకి పాజిట్రాన్‌లా కనపడేది. ఎంత మెరిసిందో కొలిస్తే ఆవేశం ఒకటా, రెండా, ఆరా అన్నది కూడా తేలుతుంది.

తర్వాత అయస్కాంతం. ఇది శాశ్వత అయస్కాంతం, నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపింది, మధ్యలో 44.5 సెంటీమీటర్ల లోతున సన్నటి దారి. క్షేత్రం 0.43 టెస్లా. ఆ దారిలో ఆరు సిలికాన్ పొరలు, కణం ఎక్కడ దాటిందో మైక్రాన్లలో చెప్తాయి. ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి. 100 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల కణం, ఇది కణం శక్తికి కొలత, ఇకమీదట జీఈవీ అంటాను, ఈ క్షేత్రంలో ఎంత వృత్తంలో తిరుగుతుంది? ఊపుని 0.3తోనూ క్షేత్రంతోనూ భాగిస్తే వ్యాసార్థం మీటర్లలో వస్తుంది: సుమారు 775 మీటర్లు. అంత పెద్ద వృత్తంలోంచి మనకి దొరికేది 44.5 సెంటీమీటర్ల ముక్క. ఆ ముక్క సరళరేఖ నుంచి మధ్యలో ఎంత పక్కకి జరిగింది? పొడవు వర్గాన్ని ఎనిమిది రెట్ల వ్యాసార్థంతో భాగించండి. 32 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు. ఆ సగం వెంట్రుక కుడికి జరిగిందా ఎడమకి జరిగిందా అన్నదాని మీదే అది మేటరా యాంటీమేటరా అన్నది ఆధారపడి ఉంది. సిలికాన్ పొరలు వంపు వైపు 3 మైక్రాన్ల దాకా కచ్చితంగా చెప్తాయి కాబట్టి 100 జీఈవీ దగ్గర భయం లేదు. అదే 1000 జీఈవీకి వెళ్తే జరుగుడు 3 మైక్రాన్లే, పొరల తప్పూ అంతే. అక్కడ గీత నిటారుగా ఉందో వంగిందో చెప్పలేం. ప్రతి అయస్కాంత పరికరానికీ ఇలాంటి గడప ఒకటి ఉంటుంది, పమేలాకి అది సుమారు 1 టెరావోల్టు, అంటే వెయ్యి గిగావోల్టులు. లెక్క మీరే చేశారు, నేను చెప్పింది నమ్మనక్కర్లేదు.

సరే, ధనావేశం అని తేలింది. అయినా కథ సగమే అయింది. ధనావేశంతో వచ్చేవి దాదాపు అన్నీ ప్రోటాన్లే కదా! 1 జీఈవీ దగ్గర ఒక పాజిట్రాన్‌కి వెయ్యి ప్రోటాన్లుంటాయి, 100 జీఈవీ దగ్గర పదివేలుంటాయి. ఆవేశం ఒకటే, ఆ శక్తుల దగ్గర వేగమూ ఒకటే, అయస్కాంతంలో వంపూ ఒకటే. విడదీసేది ఎవరు?

అయస్కాంతం కింద ఉన్న కెలోరీమీటర్, కణం వదిలే శక్తిని కొలిచేది. 22 టంగ్‌స్టన్ పలకలు, వాటి మధ్య 44 సిలికాన్ పొరలు. పాజిట్రాన్ టంగ్‌స్టన్‌లోకి రాగానే ఫోటాన్లను కక్కుతుంది, ఆ ఫోటాన్లు జంటలవుతాయి, జంటలు మళ్లీ ఫోటాన్లు, ఇలా ఒక జల్లు మొదలవుతుంది. ఆ జల్లు పై పొరల్లోనే మొదలై, సన్నగా, ఒద్దికగా ఉంటుంది, ఏ లోతులో బాగా చిక్కనవుతుందో ముందే చెప్పొచ్చు. ప్రోటాన్ అలా కాదు. సగానికి పైగా ప్రోటాన్లు ఏ గొడవా లేకుండా సూటిగా కిందికి దిగిపోతాయి. మిగతావి ఎక్కడో ఒక లోతులో కేంద్రకాన్ని గుద్ది అడ్డదిడ్డంగా చిందుతాయి. అలా చిందినప్పుడు న్యూట్రాన్లు ఎక్కువ పుడతాయి, వాటిని లెక్కపెట్టడానికి అన్నిటికన్నా కింద హీలియం-3 గొట్టాలతో న్యూట్రాన్ డిటెక్టర్ ఉంది. పైగా పాజిట్రాన్ అయితే అయస్కాంతం చెప్పిన ఊపు, కెలోరీమీటర్లో పడ్డ శక్తి ఒకదానికొకటి సరిపోవాలి. ప్రోటాన్ తన శక్తినంతా అక్కడ వదిలిపోదు. ఇన్ని పరీక్షలూ దాటితేనే పాజిట్రాన్.

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ప్రయోగానికి ప్రాణం ఇక్కడే ఉంది. కెలోరీమీటర్ పదివేల ప్రోటాన్లలో ఒక్కదాన్ని మాత్రం పొరపాటున పాజిట్రాన్ అనుకుందనుకోండి. వినడానికి అద్భుతమైన పనితనం. కానీ 100 జీఈవీ దగ్గర పదివేల ప్రోటాన్లకి ఉన్న నిజమైన పాజిట్రానే ఒకటి. అంటే మన చేతికొచ్చినవాటిలో సగం దొంగవి! అందుకని లక్షలో ఒకటి అనే స్థాయి కావాలి. అంతకన్నా భయపెట్టేది ఇంకోటి చెప్తాను. శక్తి పెరిగేకొద్దీ పాజిట్రాన్‌తో పోలిస్తే ప్రోటాన్ల సంఖ్య పెరుగుతూ పోతుంది కదా, కాబట్టి ప్రోటాన్లు కొన్ని జారి లోపలికొస్తే పాజిట్రాన్ల వాటా శక్తితో పాటు పెరుగుతున్నట్టు కనపడుతుంది. ఏది కనపడితే గొప్ప ఆవిష్కరణ అంటారో, సరిగ్గా అదే రూపంలో తప్పు కూడా కనపడుతుంది. ఇలాంటి చోట ఎవరి మాటా ఊరికే నమ్మకూడదు, మన పరికరం మాట అసలే నమ్మకూడదు.

వాళ్లు ఏం చేశారంటే, జల్లు ఎలా ఉండాలో ఊహించుకోకుండా ఎగురుతున్న పరికరం నుంచే నేర్చుకున్నారు. రుణావేశంతో వచ్చేవి ఎలాగూ దాదాపు అన్నీ ఎలక్ట్రాన్లే, యాంటీప్రోటాన్లు చాలా అరుదు. కాబట్టి అసలైన విద్యుదయస్కాంత జల్లు ఎలా ఉంటుందో ఎలక్ట్రాన్లే చూపిస్తాయి. ప్రోటాన్ ముఖం కావాలంటే, కెలోరీమీటర్ పై భాగంలో ఏ జల్లూ మొదలుపెట్టకుండా దిగిన ధనావేశ కణాలను ఏరి, అవి కింది భాగంలో ఏం చేశాయో చూశారు. అవి పాజిట్రాన్లు కాలేవు, పాజిట్రాన్ పైనే మొదలవ్వాలి. ఈ రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఉన్న గుంపులో ఎన్ని ఎటువైపో లెక్కతీశారు. పైకి పంపకముందు జెనీవా దగ్గర సెర్న్‌లో కణాల పుంజాల ముందు పెట్టి చూసిన లెక్కలు కూడా ఉన్నాయి. నాలుగు వైపుల నుంచి తమనే తాము ప్రశ్నించుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతుంది.

ఫలితం ఏమైంది? 2006 జులై నుంచి 2008 ఫిబ్రవరి దాకా వచ్చిన వంద కోట్లకు పైగా ఘటనల్లోంచి, 1.5 నుంచి 100 జీఈవీ మధ్య 1,51,672 ఎలక్ట్రాన్లు, 9,430 పాజిట్రాన్లు తేలాయి. 2009 ఏప్రిల్లో నేచర్ పత్రికలో వచ్చింది. అంచనా ఏమిటి, వాటా తగ్గాలి. 10 జీఈవీ దాకా తగ్గింది కూడా, నూటికి అయిదారు దగ్గరికి. అక్కణ్నుంచి తిరిగి పైకి లేచింది. 100 దగ్గరికి వచ్చేసరికి నూటికి పది దాటిపోయింది. మామూలు గుద్దుళ్లతో పుట్టే పాజిట్రాన్లు ఇలా పెరగవు. ఇంకేదో పాజిట్రాన్లను తయారుచేస్తోంది.

ఈ ఫలితం అచ్చు కాకముందు ఒక విచిత్రం జరిగింది. 2008 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో డార్క్ మేటర్ మీద జరిగిన కాన్ఫరెన్సులో పమేలా వాళ్లు ఇంకా అచ్చువేయని ఆ గ్రాఫ్‌ని తెరమీద కాసేపు చూపించారు. కొందరు కెమెరాలు తీసి ఫొటో కొట్టారు. ఆ ఫొటోలోంచి ఒక్కో చుక్కనీ కొలిచి, ఆ అంకెలతో థియరీ పేపర్లు రాసి పెట్టేశారు, అసలు బృందం పేపర్ బయటికి రాకముందే. ఉత్సాహం నాకు అర్థమవుతుంది. కానీ ఆ చుక్కల వెనక ఇందాక చెప్పిన ప్రోటాన్ల లెక్క ఉంది, దాని తప్పు ఎంతన్నది ఆ చుక్క పక్కనే ఉండాలి, ఫొటోలో అది సరిగా రాదు. కొలిచినవాళ్లు తమ పని పూర్తిచేసుకునే దాకా ఆగడం మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

అచ్చయ్యాక సందేహాలు రాకుండా ఉంటాయా? ఒక సందేహం తక్కువ శక్తి వైపునుంచి వచ్చింది. 5 జీఈవీ కన్నా కింద పమేలా అంకెలు 1990ల నాటి బెలూన్ అంకెల కన్నా తక్కువగా ఉన్నాయి. మరి తప్పెవరిది? ఎవరిదీ కాదు. సూర్యుడి అయస్కాంతం సుమారు పదకొండేళ్లకోసారి తలకిందులవుతుంది. ఒక దశలో ధనావేశ కణాలు సౌరమండలం లోపలికి సులువుగా వస్తాయి, ఇంకో దశలో రుణావేశ కణాలు సులువుగా వస్తాయి. 90ల కొలతలు ఒక దశవి, పమేలా మొదటి కొలతలు ఇంకో దశవి. ఎక్కువ శక్తి కణాల మీద సూర్యుడి ప్రభావం ఉండదు కాబట్టి పైకి లేచే భాగానికి దీంతో సంబంధం లేదు. ఇన్నేళ్లు పనిచేయడం వల్ల సూర్యుడి ప్రభావం ఏటేటా ఎలా మారుతుందో కూడా పమేలా చూపించగలిగింది. దీని గురించి వార్తల్లో పెద్దగా రాలేదు గానీ, నాకు ఇది కూడా పెద్ద ఫలితమే.

మరి ఆ పెరుగుదల నిజమేనా? నిజమే అని చెప్పడానికి వేరేవాళ్లు వేరే దారిలో కొలవాలి. గామా కిరణాలను చూసే ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోప్‌లో అయస్కాంతమే లేదు. అయినా ఆ బృందం భూమి అయస్కాంతాన్నే తమ అయస్కాంతంగా వాడుకుంది. భూమి నీడ వల్ల కొన్ని దిక్కుల నుంచి ఎలక్ట్రాన్లు మాత్రమే రాగలవు, కొన్ని దిక్కుల నుంచి పాజిట్రాన్లు మాత్రమే రాగలవు. ఆ దిక్కుల్ని విడదీసి 2012లో 200 జీఈవీ దాకా చూపించారు, పెరుగుదల ఉంది. ఎంత అందమైన ఆలోచన! తర్వాత అంతరిక్ష కేంద్రం మీద 2011 మేలో పెట్టిన ఏఎంఎస్-02, సామ్యూల్ టింగ్ నడిపిన ఏడున్నర టన్నుల పరికరం, 2013లో అదే చెప్పింది, చాలా ఎక్కువ కచ్చితంగా. ఆ తర్వాత 280 జీఈవీ దాటాక పాజిట్రాన్లు పడిపోతున్నాయని కూడా చూపించింది. కానీ అన్ని కొత్త సంగతులూ ఇలా నిలబడవు. 2008 చివర్లోనే ఏటిక్ అనే అంటార్కిటికా బెలూన్ ప్రయోగం కొన్ని వందల జీఈవీల దగ్గర ఎలక్ట్రాన్ల గ్రాఫ్‌లో పెద్ద గుట్ట ఉందని చెప్పింది. మరుసటి ఏడాది ఫెర్మీ చూస్తే ఆ గుట్ట లేదు. రెండూ ఒకే సీజన్లో వచ్చిన వార్తలే, ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు.

ఇప్పుడు డార్క్ మేటర్. రెండు డార్క్ మేటర్ కణాలు కలిసి నశించి ఎలక్ట్రాన్, పాజిట్రాన్లు పుడుతున్నాయనుకుంటే పెరుగుదల వస్తుంది. కానీ అలాంటి నాశనంలో మామూలుగా యాంటీప్రోటాన్లు కూడా రావాలి. పమేలా వాటినీ లెక్కపెట్టింది, 100 జీఈవీ దాకా, తర్వాత 180 దాకా. యాంటీప్రోటాన్లు మామూలు గుద్దుళ్లతో ఎన్ని పుట్టాలో అన్నే ఉన్నాయి. కాబట్టి డార్క్ మేటరే కారణమైతే అది పాజిట్రాన్లను మాత్రం ఇచ్చి ప్రోటాన్ జాతిని ముట్టుకోని విచిత్రమైన రకమై ఉండాలి, పైగా ఉండాల్సిన దానికన్నా కొన్ని వందల రెట్లు వేగంగా నశిస్తూ ఉండాలి. ఇంకో దారి పల్సార్లు. తిరిగే న్యూట్రాన్ తార చుట్టూ ఉన్న బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలు పుడతాయి, అక్కడ యాంటీప్రోటాన్లు పుట్టే అవకాశమే లేదు. మనకి దగ్గర్లో జెమింగా, మోనోజెమ్ అనేవి ఉన్నాయి. నా మొగ్గు పల్సార్ల వైపే, దాచను. అయితే 2017లో మెక్సికోలోని హాక్ అబ్జర్వేటరీ ఈ రెండు పల్సార్ల చుట్టూ గామా కాంతి చూసి, పాజిట్రాన్లు అక్కణ్నుంచి చాలా నెమ్మదిగా బయటికొస్తున్నాయి, మన దాకా తగినన్ని చేరవు అంది. అంత నెమ్మది పల్సార్ చుట్టుపక్కల వరకేనా, దారంతా అలాగేనా అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

చివరగా నాకు చాలా ఇష్టమైన ఫలితం ఒకటి. దక్షిణ అట్లాంటిక్ మీద భూమి అయస్కాంతం బలహీనంగా ఉండే చోటు ఉంది, అక్కడ రేడియేషన్ వలయం కిందికి దిగుతుంది. ఉపగ్రహాలకి అది టెన్షన్ పెట్టే ప్రాంతం. పమేలా రెండున్నరేళ్ల డేటాలో ఆ చోట 28 యాంటీప్రోటాన్లను పట్టింది, 2011లో ప్రకటించింది. ఇరవై ఎనిమిదే! కానీ అక్కడ గడిపిన సమయం చాలా తక్కువ, ఆ లెక్కన చూస్తే గెలాక్సీ నుంచి వచ్చే యాంటీప్రోటాన్ల కన్నా వెయ్యి రెట్ల సాంద్రత. ఎలా వచ్చాయి? విశ్వకిరణం పై వాతావరణాన్ని గుద్దితే యాంటీన్యూట్రాన్లు పుడతాయి, వాటికి ఆవేశం లేదు కాబట్టి అయస్కాంతాన్ని పట్టించుకోకుండా పైకి పోతాయి, దారిలో క్షయమై యాంటీప్రోటాన్లవుతాయి, ఆవేశం రాగానే అయస్కాంతం వాటిని పట్టేసుకుంటుంది. మన భూమి చుట్టూ సన్నటి యాంటీమేటర్ పట్టీ ఒకటి ఉందన్నమాట. ఇలా ఉండొచ్చని ముందే ఊహించారు, చూసింది మాత్రం పమేలా.

ఇంక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, యాంటీమేటర్ లోపలికొచ్చి పరికరంతో కలిసి నశించిపోదా? పరికరానికి ప్రమాదం లేదా?

నశిస్తుంది, తప్పకుండా. యాంటీప్రోటాన్ ఆగిపోయాక ఒక ప్రోటాన్‌తో కలిసి నశిస్తే సుమారు 2 జీఈవీ వస్తుంది. కణానికి అది పెద్దదే, పరికరానికి లెక్కే కాదు, 100 జీఈవీల మామూలు ప్రోటాన్ అంతకన్నా ఎక్కువ తెస్తుంది. పైగా ఆ నాశనం టంగ్‌స్టన్‌లో జరిగితే నక్షత్రంలా నాలుగు వైపులా గీతలు వస్తాయి, అదే గుర్తుపట్టడానికి పనికొస్తుంది కూడా.

ప్రశ్న: యాంటీ హీలియం దొరికిందా అని మేడమ్ అడుగుతున్నారు.

పమేలాకి ఒక్కటీ దొరకలేదు. పది లక్షల హీలియం కేంద్రకాలకి ఒక్కటి కూడా లేదని తేల్చింది. అది ఎందుకు ముఖ్యమంటే, యాంటీప్రోటాన్ మామూలు గుద్దుడులో పుడుతుంది, యాంటీ హీలియం అలా పుట్టడం దాదాపు అసాధ్యం. ఒక్కటి నిస్సందేహంగా దొరికితే చాలు, ఎక్కడో యాంటీమేటర్ పెద్ద ఎత్తున ఉందేమోనని మళ్లీ ఆలోచించాలి. అందుకే దొరకలేదనే మాటని కూడా అంకెతో చెప్పాలి.

ప్రశ్న: ఈ డేటా మాకు దొరుకుతుందా?

దొరుకుతుంది. ఇటలీ అంతరిక్ష సంస్థ వాళ్ల డేటా సెంటర్లో విశ్వకిరణాల డేటాబేస్ ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు, డబ్బులక్కర్లేదు. పమేలా, ఏఎంఎస్, ఫెర్మీ, పాత బెలూన్లు, అన్నిటి పాజిట్రాన్ వాటా తీసుకుని ఒకే గ్రాఫ్ మీద వేయండి. ఎక్స్ అక్షం లాగరిథమ్‌లో పెట్టండి, లేకపోతే తక్కువ శక్తి చుక్కలన్నీ ఒక మూల గుంపుగా పడతాయి. ఎర్రర్ బార్లు వదిలేయకండి. 5 జీఈవీ కింద ఏ ఏడాది కొలతో పక్కన రాయండి. వేశాక మీ డిపార్ట్‌మెంట్లో గోడకి అంటించి నాకు కూడా ఒక కాపీ పంపండి, నేను చూసి ఏమైనా అనుమానాలుంటే రాస్తాను.